అనుసంధానానికే అభ్యంతరం

మా సంస్థ క్వార్టర్లలో భార్యాభర్తలు ఒకే ఇంట్లో కాపురం చేయాలంటే ముందుగా పరీక్షలో నెగ్గాలన్న నియమం ఒకటి కొంతకాలం అమలులో ఉండేది. బయటివారికి ఇది వింతగా తోచవచ్చు. లోపల ఉన్నవారికి మాత్రం, అది ఎంత సహజంగా, ఎంత క్రమంగా, ఒక్క మెట్టు కూడా దాటవేయకుండా మా మీదికి వచ్చిందో తలచుకున్నప్పుడు, రాకపోయి ఉంటేనే వింత అనిపిస్తుంది. దానికి మూలం ఒక డైరెక్టరీ.

తీరప్రాంత గిడ్డంగుల సంస్థ ప్రధాన కార్యాలయం కాకినాడలో, రేవుకు వెళ్ళే దారిలో ఉన్న మూడంతస్తుల భవనం. ధాన్యమూ, ఎరువులూ, అప్పుడప్పుడు ఎవరూ తీసుకుపోని ఉప్పూ నిలవ చేయడం మా వృత్తి. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే సిబ్బంది వెంటనే హాజరు కావాలి గనుక, అందరూ సంస్థ క్వార్టర్లలోనే నివసించి తీరాలి. బయట ఇల్లు అద్దెకు తీసుకోవడం క్రమశిక్షణను ఉల్లంఘించడమే.

లెక్కలన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిన ఏడాది, ధీరజ్ అనే కన్సల్టెంటు హైదరాబాదు నుంచి వచ్చి మాకొక ప్రణాళిక సమావేశం పెట్టాడు. అతను చెప్పిన దాని సారాంశం ఇది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఒకటి కొంటే చాలదు, మూడు ఉండాలి. ఒకటి తయారీకి, ఒకటి పరీక్షకు, ఒకటి అసలు పనికి. ఈ మూడు లోకాలనూ వారి భాషలో వాతావరణాలంటారు. తయారీలో జరిగిన తప్పు పరీక్షలో బయటపడుతుంది, పరీక్షలో బయటపడినది అసలుకు అంటదు. మూడింటిలోనూ బోలెడన్ని యంత్రాలుంటాయి గనుక ఏ యంత్రం ఎక్కడిది, ఏది దేనితో మాట్లాడవచ్చు అన్న వివరాలు రాసి ఉంచే పట్టిక ఒకటి కావాలి. దానినే డైరెక్టరీ అంటారు. ఇప్పుడు తేలవలసినది ఒక్కటే: మూడు లోకాలకూ కలిపి ఒక డైరెక్టరీయా, దేనికది విడిగానా?

ఈ ప్రశ్నపై సమావేశం మధ్యాహ్న భోజనం దాటి సాగింది. జనరల్ మేనేజరు బలుసు మార్కండేయులు గారు, పరిపాలనా భాషలో మా సంస్థకు ప్రమాణం అనదగిన వ్యక్తి, ఒకటి చాలునని పొదుపు దృష్ట్యా అభిప్రాయపడ్డారు. ధీరజ్ బోర్డు మీద మూడు పెట్టెలు గీశాడు. మొదటి పెట్టె నుంచి రెండో పెట్టెకు, రెండో పెట్టె నుంచి మూడో పెట్టెకు బాణాలు వేశాడు. మూడో పెట్టె చుట్టూ కొంత ఖాళీ వదిలాడు. అసలు లోకపు డైరెక్టరీ విడిగా ఉంటేనే క్షేమమనీ, పరీక్ష డైరెక్టరీ పొరపాటున అసలు యంత్రాన్ని తనదే అనుకుంటే కొంప మునుగుతుందనీ చెప్పాడు.

మేనేజింగ్ డైరెక్టరు పరాంకుశం గారు లేచి బోర్డు దగ్గరకు వెళ్ళారు. మూడో పెట్టె చుట్టూ ఉన్న ఖాళీని చాలాసేపు చూశారు.

"మనం ఇన్నాళ్ళూ ఎందుకు వెనకబడి ఉన్నామో ఇవాళ తెలిసిందండి," అన్నారు. "మనకి ఈ ఖాళీ లేదు."

ఇది యంత్రాలకు మాత్రమే వర్తిస్తుందని ధీరజ్ మనవి చేశాడు. యంత్రానికి మేలు చేసినది మనిషికి కీడు చేస్తుందా అని పరాంకుశం గారు అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం ధీరజ్ చదువుకున్న పుస్తకాలలో లేదు. పైగా అతని రైలుకు వేళయింది.

మరునాడే సర్క్యులర్ వెలువడింది. కింది అంతస్తు తయారీ, మొదటి అంతస్తు పరీక్ష, రెండవ అంతస్తు అసలు. సిబ్బందిలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక వాతావరణానికి మాత్రమే చెందుతారు. ప్రతి అంతస్తుకూ ఒక డైరెక్టరీ ఉంటుంది. అందులో పేరున్నవారు మాత్రమే ఆ అంతస్తులో ఉన్నట్టు లెక్క. మూడు డైరెక్టరీలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియడానికి నాలుగో డైరెక్టరీ అవసరమని ఆడిట్ విభాగం గుర్తు చేసింది. అది ఏ వాతావరణానికి చెందాలన్నది తేలక, మెట్ల మలుపులో ఒక బల్ల వేసి, దానికి గొలుసు కట్టి ఉంచారు.

బోర్డు మీది బాణాలు ఒకే దిక్కుగా ఉన్నాయి గనుక వస్తువులు, కాగితాలు, నిర్ణయాలు కింది నుంచి పైకి మాత్రమే కదలాలి. కాంటీన్ కింది అంతస్తులో ఉండేది. అక్కడ వేసిన గారెలు మొదటి అంతస్తులో పరీక్షకు నిలిచి, మిగిలినవి రెండవ అంతస్తుకు చేరేవి. పరీక్ష విభాగం తన బాధ్యతను ఎన్నడూ తేలికగా తీసుకోలేదు గనుక మిగిలేవి తక్కువ. ఎంగిలి ప్లేట్లు కిందికి దిగే మార్గం లేక అసలు అంతస్తులోనే గోడ వారగా పేరుకునేవి. మనుషులు ఇంటికి పోవడానికైనా కిందికి దిగాలి కదా అన్న చిక్కును మార్కండేయులు గారు విప్పారు. వ్యవస్థకు ముప్పు వచ్చినప్పుడు వెనక్కు మళ్ళవచ్చని ధీరజ్ వదిలివెళ్ళిన నోట్సులో ఉంది. కనుక ప్రతి సాయంత్రమూ కార్యాలయం మూసే వేళకు అత్యవసర పరిస్థితి ప్రకటించి మమ్మల్ని ఇళ్ళకు పంపేవారు.

మొదటి అంతస్తులో జరిగేదంతా అభ్యాసమే. అక్కడ రాసే ఉత్తర్వుల నెత్తిన 'పరీక్షార్థం' అని ముద్ర పడేది. బదిలీలు, సస్పెన్షన్లు, సంతాప తీర్మానాలు అక్కడ ముందుగా సాధన చేసేవారు. కల్పిత నామాలతో చేసే పరీక్ష నమ్మదగినది కాదన్నారు గనుక అసలు పేర్లే వాడేవారు. మార్కండేయులు గారిని వారు చాలాసార్లు సస్పెండు చేశారు. ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు. ఒక్కసారి మాత్రం, ఆరోపణల పత్రంలో వాక్యం అసంపూర్తిగా ఉందని తిప్పి పంపారు. అది కిందికి దిగే ప్రయాణం కనుక నియమావళి అడ్డు వచ్చి, ఆ సస్పెన్షన్ ఇప్పటికీ పెండింగులో ఉంది.

సరిగ్గా ఇటువంటి సమయంలో నీలవేణి తన పెట్టెలతో కాకినాడలో దిగింది.

నీలవేణి, చక్రధర్ ఇద్దరూ మా సంస్థ ఉద్యోగులే. పెళ్ళయి నాలుగేళ్ళు కావస్తున్నా, ఆమె ఇచ్ఛాపురం గిడ్డంగిలోనూ ఆయన ప్రధాన కార్యాలయంలోనూ పనిచేస్తూ వచ్చారు. దంపతుల కోటా కింద బదిలీ కోరుతూ ఏటా దరఖాస్తు పెట్టుకునేవారు. అది ఏటా పరిశీలనలో ఉండేది. ఆదివారం కలిసిరావడం, రైలు సకాలంలో రావడం, తుఫాను రాకపోవడం, ఈ మూడూ ఒకేసారి జరిగినప్పుడు మాత్రమే వారి దాంపత్యం నడిచేది. చివరికి ఆ బదిలీ మంజూరైంది. ఇక ఇద్దరూ ఒకే ఊళ్ళో, ఒకే భవనంలో, ఒకే కప్పు కింద. ఆమెకు కావలసింది అదొక్కటే. ఇచ్ఛాపురంలో ఎవరడిగినా దాచకుండా అదే చెప్పేదట.

ఆమెను రెండవ అంతస్తులో అసలు డైరెక్టరీకి సంరక్షకురాలిగా నియమించారు. చక్రధర్ మొదటి అంతస్తులో, పరీక్షార్థం బదిలీలు రాసే బల్ల దగ్గర ఉన్నాడు. ఇద్దరి మధ్య ఒక స్లాబు మాత్రమే అడ్డం. అంత మాత్రానికి వారు చింతించలేదు, సాయంత్రం ఇంటికి వెళ్ళాక ఎలాగూ కలుస్తారు. కానీ వారు క్వార్టరు కోసం వెళ్ళిన రోజునే, వాతావరణాల విభజన కాలనీకి కూడా వర్తిస్తుందని అనుబంధ సర్క్యులర్ వచ్చింది. పగలంతా విడిగా ఉంచిన వాతావరణాలు రాత్రిపూట కలిసిపోతే పగటి శ్రమ వృథా అవుతుందని పరాంకుశం గారు గ్రహించారు. పరీక్షవారికి రెండో బ్లాకు, అసలువారికి మూడో బ్లాకు. మధ్యన గేటు. గేటు దగ్గర సత్తిబాబు అనే వాచ్‌మన్.

ఆమె మూడో బ్లాకులో, ఆయన రెండో బ్లాకులో పెట్టెలు దింపుకున్నారు. ఇచ్ఛాపురంలో ఉన్నప్పుడైనా ఇద్దరి మధ్య రైలు ఉండేది.

మర్నాడు ఇద్దరూ మార్కండేయులు గారి ఎదుట నిలబడ్డారు. ఆయన వారి పెళ్ళికి వచ్చి పులిహోర మారు వడ్డించుకున్న మనిషి. సానుభూతితోనే విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా నీలవేణీ, మీ వివాహంపై సంస్థకు ఎట్టి అభ్యంతరమూ లేదు," అన్నారు. "అనుసంధానానికే అభ్యంతరం."

"అంటే ఏంటండి?"

"పరీక్షకు, అసలుకు మధ్య నేరుగా సంబంధం ఉండకూడదు. అతను పరీక్ష. నువ్వు అసలు."

"నాలుగేళ్ళ నుంచీ పరీక్షే పెడుతున్నారు కదండీ ఇద్దరికీ," అంది నీలవేణి.

మార్కండేయులు గారు దీనిని వ్యంగ్యంగా గాక వినతిగా స్వీకరించారు. ఏ కొత్త ఏర్పాటైనా తయారీలో రూపొంది, పరీక్షలో నెగ్గి, అప్పుడు అసలులోకి రావచ్చునని నియమావళి అనుమతిస్తున్నదనీ, సహనివాసాన్ని కూడా ఆ మార్గంలో తీసుకురావచ్చుననీ సెలవిచ్చారు. ఇద్దరికీ ఆశ కలిగింది. ఆ రోజు చక్రధర్ అత్యవసర పరిస్థితి ప్రకటించకముందే హుషారుగా మెట్లు దిగబోయి మందలింపు పొందాడు.

సహనివాసానికి నమూనా రాసే పని తయారీ అంతస్తులో ఒక యువకుడికి పడింది. పెళ్ళి కాలేదు గనుక పక్షపాతానికి తావుండదని అతన్ని ఎంపిక చేశారు. అతను తన అక్కా బావలను కొన్నాళ్ళు గమనించి, కాఫీ, పత్రిక, కూరగాయలు, అలక, తడి తువ్వాలు విషయమై తగాదా, రాజీ, మళ్ళీ కాఫీ అన్న వరుసలో ఒక పత్రం తయారుచేశాడు. ప్రతి ఘట్టానికీ ఆశించిన ఫలితం ఒక గడిలో, వచ్చిన ఫలితం మరొక గడిలో రాయాలి.

పత్రం పరీక్ష అంతస్తుకు ఎక్కింది. అక్కడ ఒక సమస్య వచ్చింది. చక్రధర్ పరీక్షకు చెందినవాడే. కానీ నీలవేణి అసలు మనిషి. అసలు మనిషి పరీక్షలో పాల్గొనరాదు. ఆమె స్థానంలో నకలు ఉండాలి. పరీక్ష విభాగపు సూపరింటెండెంటు పేర్రాజు గారు, రిటైర్మెంటుకు దగ్గరపడిన నిష్ఠాపరుడు, ఆ బాధ్యతను స్వయంగా స్వీకరించారు. చొక్కా జేబుకు 'నీలవేణి (నకలు)' అన్న చీటీ తగిలించుకుని, దిండూ దుప్పటీతో రెండో బ్లాకులో చక్రధర్ ఇంట్లో దిగారు.

నీలవేణి మూడో బ్లాకు వరండాలో నిలబడి తన కాపురాన్ని గేటు అవతలి నుంచి చూసేది. ఆమె బట్టలు ఆరేసుకుంటున్న వేళకు ఎదుటి వరండాలో పేర్రాజు గారు చక్రధర్ పంచెలు ఆరేస్తుండేవారు. తడి తువ్వాలు తగాదా రోజున కాలనీ మొత్తం వరండాలలోకి వచ్చింది. పత్రం ప్రకారం తగాదా నాలుగు మాటలతో ముగియాలి. పేర్రాజు గారు ఏ పనీ సగంలో వదలరు. తువ్వాలుతో మొదలుపెట్టి, ఇచ్ఛాపురంలో తాను ఒంటరిగా పడ్డ కష్టాలు, జ్వరం వచ్చిన వారంలో కూడా తనను చూడటానికి రాకపోవడం, అత్తగారు శ్రావణమాసంలో అన్న ఒక మాట, అన్నీ వరసగా ఎత్తారు. చక్రధర్ తల వంచుకుని నిజంగానే క్షమాపణ చెప్పాడు. నీలవేణి కళ్ళు తుడుచుకోవడం పక్కింటివారు చూశారు. తాను అడగాలనుకుని అడగలేకపోయినవన్నీ ఆయన అడిగేశారని ఆమె తరువాత చెప్పింది.

పేర్రాజు గారి భార్య వీరలక్ష్మి గారు మూడో రోజు వచ్చి కిటికీలోంచి చూసి, ఆయన చేత్తో కలిపిన కాఫీని ఈ జన్మకి తానూ ఒకసారి తాగాలనుకుంటున్నట్టు చెప్పి వెళ్ళారు.

మొదటి విడతలో వారు నెగ్గలేదు. చక్రధర్ గురక ఆశించిన ఫలితాల గడిలో లేదని పేర్రాజు గారు అభ్యంతరం రాశారు. పత్రం సవరించి, గురకను ఆశించిన ఫలితంగా చేర్చి, మళ్ళీ కాఫీ నుంచి మొదలుపెట్టారు. రెండో విడతలో అన్ని ఘట్టాలూ సఫలం. పేర్రాజు గారు దిండు చుట్టుకుని వెళ్తూ చక్రధర్ భుజం తట్టి, "మంచివాడివేనయ్యా, కూరలో ఉప్పు గురించి మాత్రం నోరెత్తకు," అని చెప్పారు. గేటు దగ్గర ఆగి నీలవేణికి కూడా అదే అప్పగింత పెట్టారు, దూరం నుంచే, అనుసంధానం కాకుండా.

ఇక సహనివాసాన్ని అసలులోకి ఎక్కించడమే మిగిలింది. నీలవేణి కొత్త కర్టెన్లు కూడా కొన్నది. అప్పుడు ఆడిట్ విభాగం ఒక వాక్యం రాసింది: పరీక్ష జరిగిన వాతావరణం అసలు వాతావరణంలా ఉన్నదని ఎవరు ధ్రువీకరించారు?

ఎవరూ ధ్రువీకరించలేదు. మార్కండేయులు గారు ధీరజ్ నోట్సు తిరగేశారు. అసలును యథాతథంగా పరీక్ష మీదికి కాపీ చేయాలని అందులో ఉంది. పరీక్షకు ముందు చేయవలసిన పని అది. ముందు చేయలేదు కనుక తరువాత చేయడం విధాయకమని నిర్ణయించారు. రెండవ అంతస్తును మొదటి అంతస్తులో దింపే పని రోజంతా సాగింది. దిగేది నకలే గనుక బాణాల నియమం అడ్డు రాలేదు. బల్లలు, బీరువాలు, కేలండర్లు అదే వరసలో అమర్చారు. పైన గోడకు ఉన్న చెమ్మ మరక కింద గోడకు కూడా వేయించారు. పైన ఎంగిలి ప్లేట్లు ఉన్నాయి గనుక కింద కూడా ప్లేట్లు పేర్చారు. అంతా అయ్యాక, శ్రద్ధగా, డైరెక్టరీని కూడా కాపీ చేశారు.

దాన్ని ఒక్కదాన్ని కాపీ చేయవద్దనీ, చేసినా వెంటనే పరీక్ష తాలూకు పాత డైరెక్టరీని తిరిగి పెట్టాలనీ ధీరజ్ ఫోనులో చెప్పాడు. అది అందరికీ గుర్తుంది. తిరిగి పెట్టవలసినది అసలు అంతస్తువారని పరీక్షవారు అనుకున్నారు. పరీక్ష వస్తువును తాకరాదు గనుక అసలువారు తాకలేదు. పాత డైరెక్టరీ మీద కొత్తది రాసేయడం అప్పటికే జరిగిపోయింది.

తెల్లవారేసరికి పరిస్థితి ఇది. మొదటి అంతస్తు డైరెక్టరీలో రెండవ అంతస్తువారి పేర్లే ఉన్నాయి. అంటే నీలవేణి రెండు వాతావరణాలలోనూ ఉంది. ఆమెకు రెండు బ్లాకులలో రెండు క్వార్టర్లు. పరీక్షలో మాత్రమే ఉన్నవారు, చక్రధర్, పేర్రాజు గారు, వారి విభాగమంతా, ఎక్కడా లేరు. మెట్ల మలుపులోని నాలుగో డైరెక్టరీని సంప్రదించారు. డైరెక్టరీలన్నీ ఎక్కడివక్కడ క్షేమంగా ఉన్నాయని అది తెలియజేసింది. సహనివాసం నెగ్గినట్టు రాసి ఉన్న ఫలితం కూడా పరీక్షతో పాటే తుడిచిపెట్టుకుపోయింది.

చక్రధర్ ఆ సాయంత్రం నీలవేణికి ఈ సంగతి చెప్పడానికి గేటు దాకా వచ్చాడు. సత్తిబాబు అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టి, చేతిలోని కొత్త పేర్ల వరస చూసి, మళ్ళీ చూశాడు.

"మీరు పరీక్షోళ్ళు కాదేటండీ?"

"ఇవాళ్టి నుంచి కాదంట."

"పోనీ అసలోళ్ళా?"

"కాదు."

"తయారీ?"

"అదీ కాదు సత్తిబాబూ. ఎవర్నీ కాను."

సత్తిబాబు కాసేపు ఆలోచించి గేటు తీశాడు. "పరీక్షోళ్ళని ఆపమన్నారండి. ఎవరూ కానోళ్ళని ఆపమని నాకెవరూ చెప్పలేదండి. ఎల్లిపోండి బాబూ."

ఆ విధంగా చక్రధర్, ఎవరూ కానివాడై, వెనక్కు వెళ్ళి తెచ్చుకున్న తన పెట్టెతో భార్య ఇంటికి చేరుకున్నాడు.

ఫిర్యాదు అందగా మార్కండేయులు గారు నియమావళిని ఆమూలాగ్రం చదివారు. రెండు వాతావరణాల మధ్య అనుసంధానం నిషిద్ధం. ఏ వాతావరణానికీ చెందని వ్యక్తి విషయంలో నియమావళి మౌనం వహిస్తున్నది. లేని మనిషి ఎక్కడ ఉన్నప్పటికీ సంస్థకు అభ్యంతరం ఉండనవసరం లేదని ఆయన అభిప్రాయం రాశారు. జీతాల విషయంలోనూ ఇబ్బంది రాలేదు. వాటిని సామాన్ల గదిలో మూలనున్న పాత కంప్యూటరు ఇస్తుండేది. దానిని ముట్టుకోవడానికి అందరూ భయపడటం వల్ల వాతావరణాల సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లో నీలవేణిని చూసినవారికి ఆమె మొహంలో కొత్త సంగతి ఏదో కనిపించేది. కర్టెన్లు తగిలించారు. చక్రధర్ కుక్కరు కూతలు లెక్కపెట్టకుండా మధ్యలో పత్రికలో పడిపోతాడని ఆమెకు తెలిసింది. ఆమె నిద్రలో గిడ్డంగి బస్తాల సంఖ్య చెబుతుందని ఆయనకు తెలిసింది. సాయంత్రం అత్యవసర పరిస్థితి ప్రకటించగానే ఇద్దరూ కలిసి నడిచి వెళ్ళేవారు. మేమంతా చూసేవాళ్ళం, ఎవరమూ చూడలేదన్నట్టుగా.

ఇంతలో ధీరజ్ తిరిగి వచ్చాడు. రెండు అంతస్తులలోని రెండు చెమ్మ మరకలనూ వేలితో తాకి చూశాడు. తరువాత, పని సులువేనన్నాడు. పరీక్షలో పోయినవారి పేర్లు మళ్ళీ ఎక్కిస్తే సరి. ఎవరు ఎవరో చెప్పగల నమ్మకమైన ఆధారం మాత్రం ఒకటి కావాలి.

సంస్థలో నమ్మదగినది అసలు డైరెక్టరీ ఒక్కటే. దాని సంరక్షకురాలు నీలవేణి. పోయినవారిని ఒక్కొక్కరినీ ఎదుట నిలబెట్టి, ఆమె గుర్తించినవారిని తిరిగి పరీక్షలో చేర్చాలని తీర్మానించారు. భర్తను భార్య గుర్తించడం సబబా అని న్యాయ సలహాదారు సందేహించారు. వివాహానికి ఇద్దరు ఉండాలనీ, ప్రస్తుతం డైరెక్టరీల ప్రకారం ఆమె ఒక్కరే, అదీ రెండుసార్లు, ఉన్నారనీ మార్కండేయులు గారు ఆ సందేహాన్ని తీర్చారు.

గుర్తిస్తే ఏమవుతుందో ఆ దంపతులకు విడమరచి చెప్పనక్కరలేదు. చక్రధర్ మళ్ళీ పరీక్ష మనిషి అవుతాడు. రెండో బ్లాకుకు వెళ్ళాలి. సహనివాసం మళ్ళీ తయారీ నుంచి మొదలవుతుంది. పేర్రాజు గారు ఇప్పటికే దిండు గలీబు ఉతికించుకున్నారని వినికిడి. గుర్తించకపోతే, అతనికి ఏ అంతస్తులోనూ కుర్చీ ఉండదు, పదోన్నతి జాబితాలో పేరు రాదు, ఎవరూ కానివాడుగానే రిటైరవుతాడు. మధ్యాహ్నం డబ్బా విప్పుకుంటూ ఆమె ఆయనను ఏం చేయమంటారని అడిగిందట.

"నన్నడుగుతావేంటి?" అన్నాడట చక్రధర్. "నేను లేనుగా."

"పరాచికాలు కాదండి. పదేళ్ళ సర్వీసు మీది."

"నాలుగేళ్ళ కాపురం నీది కూడా పోయింది. నీకేది తోస్తే అదే చెప్పు. నేను చిన్నబుచ్చుకోను."

గుర్తింపు కార్యక్రమం రెండవ అంతస్తు సమావేశ మందిరంలో జరిగింది. పరాంకుశం గారు అధ్యక్ష స్థానంలో, మార్కండేయులు గారు కలం పట్టుకుని పక్కన, ధీరజ్ కంప్యూటరు ముందు. నీలవేణి ఎదుటికి ఒక్కొక్కరే వచ్చారు. ఆమె తడుముకోలేదు. ఈయన ఫలానా, టపా చూస్తారు, ఎడమచేత్తో సంతకం పెడతారు. ఈవిడ ఫలానా, కాంటీన్ గారెలు పరీక్షించేది ఎక్కువగా ఈవిడే. పేర్రాజు గారు రాగానే లేచి నమస్కరించి, ఈయన్ని గుర్తించడమేమిటండీ, కొన్నాళ్ళు ఈయనే నేను కదా అంది. హాలంతా నవ్వింది. పరాంకుశం గారు కూడా, ఎందుకో తెలియకపోయినా, నవ్వారు.

తరువాత చక్రధర్ వచ్చి నిలబడ్డాడు. ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

మార్కండేయులు గారు కలం ఎత్తారు. "నీలవేణి గారూ, ఈ వ్యక్తి మీకు తెలుసునా?"

ఆమె భర్త మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇంకా తెలీదండి," అంది.

పరాంకుశం గారు ముందుకు వంగారు. "అంటే తెలుసా, తెలీదా?"

"తెలుసుకుంటున్నానండి. ఇప్పుడిప్పుడే కొద్దికొద్దిగా తెలుస్తోందండి."

మార్కండేయులు గారు కళ్ళజోడు తీశారు. ఈ కాగితం అసలులో నమోదైతే వెనక్కు తిప్పే మార్గం లేదని, ఆలోచించుకోమని మెల్లిగా చెప్పారు. ఆలోచించుకున్నానంది. అతని సర్వీసు మాటేమిటని అడిగారు. ఆమె చక్రధర్ వైపు చూసింది. అతను గోడ మీది చెమ్మ మరకను శ్రద్ధగా చూస్తున్నాడు, కానీ పెదవి చివర వణుకుతున్నది నవ్వని దగ్గర కూర్చున్నవారికి తెలుస్తూనే ఉంది.

"పూర్తిగా తెలిశాక నేనే వచ్చి చెబుతానండి," అంది నీలవేణి.

"ఎంతకాలం పట్టవచ్చునమ్మా?"

"చాలాకాలం పడుతుందండి."

ఏ గడిలో ఏమి రాయాలని ధీరజ్ అడిగాడు. తెలుసు అనడానికి ఒక గడి, తెలియదు అనడానికి ఒక గడి, రెండే ఉన్నాయన్నాడు. మార్కండేయులు గారు అతన్ని ఆగమన్నట్టు చెయ్యి చూపి, కళ్ళజోడు పెట్టుకుని, రెండు గడులకూ మధ్యనున్న ఖాళీలో, తన సర్వీసు మొత్తంలో ఎన్నడూ లేనంత అందమైన దస్తూరీతో రాశారు:

'గుర్తింపు కొనసాగుచున్నది.'